ఆల్విన్ నిస్సాన్ నుంచి అయస్కాంతాల వరకు: మోటారు పరిశ్రమ చెప్పే పాఠం

హైదరాబాదు నగరంలో కూకట్‌పల్లి, మియాపూర్ ప్రాంతాలకు సిటీ బస్సులో వెళ్ళేవారికి ‘ఆల్విన్’ అన్న మాట కొత్త కాదు. ఆల్విన్ కాలనీ ఉంది, ఆల్విన్ చౌరస్తా ఉంది. కండక్టరు ఆ పేరు కేక వేస్తాడు, దిగవలసినవారు దిగిపోతారు. కొంతకాలం క్రితం ఇంజనీరింగు చదువుతున్న మా అమ్మాయి ఆ దారిలో నాతో ప్రయాణిస్తూ, “నాన్నా, ఈ ఆల్విన్ ఎవరు? ఎవరైనా దొర పేరా?” అని అడిగింది. ఆల్విన్ మనిషి కాదనీ, ఒకప్పుడు వేలాది కుటుంబాలకు అన్నం పెట్టిన మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ అనీ చెప్పాను. “మరి ఏమైంది?” అన్నది ఆమె రెండవ ప్రశ్న. బస్సు దిగేలోపల దానికి సమాధానం చెప్పలేకపోయాను. ఈ వ్యాసం ఆ రెండవ ప్రశ్నకు నేను ఆలస్యంగా ఇస్తున్న సమాధానం.

హైదరాబాద్ ఆల్విన్ 1942లో ప్రారంభమైన సంస్థ. రిఫ్రిజిరేటర్లు, జపానుకు చెందిన సీకో సహకారంతో చేతిగడియారాలు, స్కూటర్లు, బస్సుల బాడీలు, ఇలా పలు వస్తువులు ఆ పేరుతో వెలువడ్డాయి. పెళ్ళిలో అల్లుడికి ఆల్విన్ గడియారం పెట్టిన ఇళ్ళు మన పాఠకులలో కూడా ఉండే ఉంటాయి. ఆ సంస్థ చరిత్రలో ఒక అధ్యాయం జపాను నిస్సాన్ కంపెనీతో కలిసి మెదక్ జిల్లా జహీరాబాదులో తేలికపాటి లారీలు తయారు చేయడం. జహీరాబాదు ఇప్పుడు సంగారెడ్డి జిల్లాలో ఉంది. ఆ ఒక్క అధ్యాయాన్ని శ్రద్ధగా చదివితే మోటారు పరిశ్రమలోని వ్యాపార వ్యూహాలు, సవాళ్ళు దాదాపు అన్నీ కనిపిస్తాయి. మనం కూడా ప్రభుత్వ రంగంలోనే పనిచేస్తున్నాము కనుక అది మనకు పరాయి కథ కాదు.

నాటి నేపథ్యం

స్వాతంత్ర్యానంతరం మన మోటారు పరిశ్రమ చాలాకాలం లైసెన్సుల నీడలో పెరిగింది. విడిభాగాలు తెచ్చి బిగించడమే తప్ప ఇక్కడ తయారుచేసే ప్రణాళిక లేని విదేశీ కంపెనీలు 1950లలో దేశం విడిచి వెళ్ళిపోయాయి. కార్లలో అంబాసడర్, ఫియట్. లారీలలో టాటా, అశోక్ లేలాండ్. చిన్న వ్యాన్లలో బజాజ్ టెంపో వారి మెటడార్. కొనేవాడికి ఎంపిక లేదు, అమ్మేవాడికి తొందర లేదు. బండికి డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూసిన రోజులు మన పెద్దలకు గుర్తే.

1973లోను, 1979లోను వచ్చిన చమురు సంక్షోభాలు ఈ నిశ్చల జలాలను కదిలించాయి. ఇంధనం పొదుపు చేసే వాహనాలు కావాలన్న ఆలోచన ప్రభుత్వంలో బలపడింది. పెద్ద లారీకి, ఆటో రిక్షాకు మధ్య తరగతిలో, పట్టణాలలోను సమీప గ్రామాల మధ్యను సరకు చేరవేసే తేలికపాటి లారీ మనకు లేదన్న లోటు కూడా స్పష్టమైంది. ఆ విద్యలో అప్పటికి ప్రపంచంలో మేటి జపాను.

నాలుగు సహకార ఒప్పందాలు

1980ల తొలి భాగంలో ప్రభుత్వం నాలుగు జపాను కంపెనీల సహకారానికి అనుమతించింది. ఉత్తరప్రదేశ్‌లోని సూరజ్‌పూర్‌లో డీసీఎం టొయోటా, మధ్యప్రదేశ్‌లోని పీథంపూర్‌లో ఐషర్ మిత్సుబిషి, పంజాబులో స్వరాజ్ మాజ్డా, మన జహీరాబాదులో ఆల్విన్ నిస్సాన్. నాలుగింటి వెనుక ఉన్నవి ప్రపంచ ప్రఖ్యాతి గాంచిన పేర్లు. 1980ల మధ్యకాలానికి వీటి బండ్లు రోడ్డెక్కాయి.

ఆ బండ్లు మంచివి కావని ఎవరూ అనలేదు. ముందుకు వంచితే ఇంజను కనబడే క్యాబిన్, తేలికైన స్టీరింగు, తక్కువ చప్పుడు, తక్కువ డీజిలు. పాత లారీ తోలి భుజాలు నొప్పెట్టిన డ్రైవర్లు ఆ సీటులో కూర్చుని ఆశ్చర్యపోయారు. ఇక పాత కంపెనీల పని అయిపోయిందని పత్రికలలో విశ్లేషణలు వచ్చాయి.

ఒప్పందాలలో ఒక ముఖ్యమైన షరతు ఉన్నది. మొదట జపాను నుంచి విడిభాగాల కిట్లు తెచ్చి బిగించవచ్చు. కానీ సుమారు ఐదేళ్ళలో దశలవారీగా అత్యధిక భాగాలను దేశంలోనే తయారుచేసుకోవాలి. కాగితం మీద ఇది సబబైన షరతు. అయితే ఆ ఐదేళ్ళలో ఏమి జరగబోతున్నదో ఒప్పందంపై సంతకాలు చేసినవారిలో ఎవరూ ఊహించలేదు.

టెల్కో ఇచ్చిన జవాబు

పెద్ద లారీలలో అగ్రస్థానంలో ఉన్న సంస్థ టెల్కో, అనగా నేటి టాటా మోటార్స్. 1954 నుంచి 1969 వరకు జర్మనీ డైమ్లర్ బెంజ్ సహకారంతో లారీలు తయారు చేసి, ఆ ఒప్పందం ముగిశాక సొంత గుర్తుతో నిలదొక్కుకున్నది. ఒప్పందం అమలులో ఉండగానే, 1966లో, పుణెలో ఇంజనీరింగు పరిశోధన కేంద్రాన్ని నెలకొల్పుకున్నది. అరువు తెచ్చుకున్న విద్య చేతిలో ఉండగానే సొంత విద్యకు విత్తనం నాటడం ఇక్కడ గమనార్హం.

సుమంత్ మూల్గావ్కర్ అధ్యక్షుడిగా ఉన్న ఆ సంస్థకు కూడా ఎవరో ఒక విదేశీ భాగస్వామిని వెతుక్కునే దారి ఉన్నది. అది కాదని, పుణెలో తన ఇంజనీర్లతోనే తేలికపాటి లారీని రూపొందించి 1986లో విడుదల చేసింది. అదే టాటా 407. దానికి అమర్చిన ఇంజను పేరు 497, అంటే నాలుగు సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల బోరు. టెల్కో పెద్ద లారీలలోని 697 ఇంజనుకు ఆరు సిలిండర్లు, బోరు అదే 97. కొత్త బండిలో కూడా పాత వంశం పోలిక ఉందన్నమాట. జహీరాబాదులోనైనా, సూరజ్‌పూర్‌లోనైనా బండితోపాటు విడిభాగాల దుకాణాన్ని, మెకానిక్కును కూడా కొత్తగా తయారుచేసుకోవలసి వచ్చింది. టెల్కోకు ఆ రెండూ ప్రతి తాలూకా కేంద్రంలో అప్పటికే ఉన్నాయి.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెబుతాను. మా మేనమామ ఆ రోజుల్లో గుంటూరు జిల్లాలో మిర్చి బస్తాలు రవాణా చేసేవారు. 1988లో ఒక చిన్న లారీ కొనాలనుకుని, జపాను నమూనా బండిని కూడా, 407ను కూడా నడిపి చూశారు. జపాను బండే నచ్చింది. బయానా ఇచ్చే ముందు తన పాత మెకానిక్కును అడిగారు. అతడు బండి గుణగణాలేవీ మాట్లాడలేదు. “బాబాయ్, నడికుడి దగ్గర రాత్రి రెండింటికి ఆగిపోతే దీన్ని ఎవడు విప్పుతాడు?” అని ఒక్క మాట అన్నాడు. మామయ్య 407 కొన్నారు. వాణిజ్య వాహనం కొనేవాడు కొంటున్నది బండిని కాదు, రోజువారీ సంపాదనను. బండి ఆగిన రోజు కిస్తీ ఆగదు. ఈ సత్యాన్ని గ్రహించినవాడే ఈ వ్యాపారంలో నెగ్గాడు.

మరొక సంగతి కూడా ఉన్నది. కాగితం మీద రాసిన బరువు వేరు, మన రోడ్ల మీద ఎక్కే బరువు వేరు. ఇది తప్పే అయినా వాస్తవం. జపాను రోడ్లకు, జపాను క్రమశిక్షణకు తూచి చేసిన చట్రం ఒకవైపు, మన గుంతలూ మన బస్తాలూ చూసి చేసిన చట్రం మరొకవైపు. డ్రైవరు ముందు కొద్దిపాటి ముక్కులాగా పొడుచుకువచ్చిన 407 ముఖం అందంగా ఉందని ఎవరూ అనలేదు గాని, ఎదురుగా కొంత ఇనుము ఉన్నదన్న ధైర్యం డ్రైవర్లకు ఇచ్చింది.

యెన్ విలువ పెరిగిన వేళ

1985 సెప్టెంబరు 22న న్యూయార్క్ నగరంలోని ప్లాజా హోటల్లో అమెరికా, జపాన్, పశ్చిమ జర్మనీ, ఫ్రాన్స్, బ్రిటన్ దేశాల ఆర్థిక మంత్రులు సమావేశమై డాలరు విలువను తగ్గించాలని నిర్ణయించారు. జహీరాబాదుకూ ఆ హోటలుకూ ఏమి సంబంధం అనిపించవచ్చు. సంబంధం ఉన్నది. నాడు డాలరుకు సుమారు 240గా ఉన్న యెన్ మారకం రెండు మూడేళ్ళలో దాదాపు సగానికి దిగింది. అనగా యెన్ రెట్టింపు బలపడింది. మన రూపాయి దానితోపాటు బలపడలేదు. సరికదా, నెమ్మదిగా బలహీనపడుతూ వచ్చింది.

సామాన్య భాషలో లెక్క ఇది. 1985లో 100 యెన్‌లకు సుమారు 5 రూపాయలు సరిపోయేవి. 1988 నాటికి సుమారు 11 రూపాయలు కావలసివచ్చాయి. 1991 జులైలో రూపాయి మూల్యం తగ్గించిన తరువాత, 1992 నాటికి అది 20 రూపాయలు దాటింది. ఉదాహరణకు ఒక కిట్టు ధర 10 లక్షల యెన్‌లు అనుకుందాం. జపానువారు ఒక్క యెన్ కూడా పెంచకపోయినా మన కర్మాగారానికి దాని ఖరీదు 50 వేల రూపాయల నుంచి 1 లక్షా 10 వేలకు, అక్కడి నుంచి 2 లక్షల పైకి చేరిందన్నమాట. కార్మికుడు ఎంత కష్టపడినా, ఇంజనీరు ఎంత పొదుపు చేసినా ఈ గండిని పూడ్చడం ఎవరి తరం?

“అందుకే కదా దేశీయ తయారీ షరతు పెట్టారు, త్వరగా ఇక్కడే చేసుకోవచ్చు కదా” అని మనం అనవచ్చు. అసలు చిక్కు అక్కడే ఉన్నది.

ఉత్పత్తి సంఖ్య చెప్పే నిజం

మోటారు వాహనంలో ఏ రేకు భాగానికైనా అచ్చు కావాలి. పదివేల భాగాలు తీసినా, లక్ష తీసినా అచ్చు ఖరీదు ఒకటే. ఒక అచ్చుకు కోటి రూపాయలు అయిందనుకుందాం. ఏడాదికి 2,000 చొప్పున ఐదేళ్ళు తీస్తే మొత్తం 10,000 భాగాలు. ఒక్కొక్కదానిపై పడే అచ్చు ఖర్చు 1,000 రూపాయలు. ఏడాదికి 20,000 తీస్తే అదే ఖర్చు 100 రూపాయలు. గేరు పెట్టె, ఇంజను దిమ్మె, ఇరుసు, అన్నింటికీ ఇదే సూత్రం వర్తిస్తుంది.

నాటి దేశీయ విపణిలో తేలికపాటి లారీల గిరాకీ పరిమితం. ఆ కొద్ది గిరాకీని నాలుగు కంపెనీలకు పంచారు. నాలుగు నమూనాలు, నాలుగు రకాల గేరు పెట్టెలు, నాలుగు రకాల ఇరుసులు. ఒకదాని భాగం మరొకదానికి పనికిరాదు. విడిభాగాలు తయారుచేసే చిన్న పారిశ్రామికవేత్త ఎవరికోసం అచ్చు పోయాలి? తగినంత సంఖ్య లేనందున స్వదేశంలో తయారీ గిట్టుబాటు కాదు. దిగుమతి చేద్దామంటే యెన్ మండిపోతున్నది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి అన్నట్లయింది. టెల్కోకు మాత్రం పెద్ద లారీల సంఖ్య అండగా ఉన్నది, సరఫరాదారులు ఉన్నారు, ఖర్చంతా రూపాయలలోనే.

ఈ లెక్కలో జహీరాబాదు కార్మికుల తప్పు ఎక్కడా కనబడదు. ఈ మాట నేను ప్రత్యేకంగా రాస్తున్నాను. ఎందుకంటే ప్రభుత్వ రంగ సంస్థ ఏది కుంటుపడినా “అక్కడ పనిచేయరండీ” అనడం లోకంలో ఆనవాయితీ అయింది. వ్యూహంలో జరిగిన పొరపాటును శ్రమతో సరిదిద్దడం అసాధ్యం.

మారుతి ఎందుకు నిలిచింది?

ఇక్కడ ఒక సహేతుకమైన సందేహం కలుగుతుంది. మారుతి కూడా జపాను సహకారమే, అదికూడా అదే యెన్. పైగా అది కూడా ప్రభుత్వ రంగ సంస్థే. మరి అది ఎలా నిలిచింది?

మారుతి ఉద్యోగ్ 1981 ఫిబ్రవరిలో ఏర్పడింది. 1982 అక్టోబరులో సుజుకితో ఒప్పందం కుదిరింది. 1983 డిసెంబరు 14న తొలి కారు తాళాలు కొనుగోలుదారుకు అందాయి. ఆ సంస్థను తీర్చిదిద్దిన వి. కృష్ణమూర్తి గారు అంతకు ముందు బీహెచ్ఈఎల్‌కు, ఆ తరువాత స్టీల్ అథారిటీకి సారథ్యం వహించినవారు. అంటే ఆ విజయం వెనుక ఉన్నది మన ప్రభుత్వ రంగం నేర్పిన పనితనమే.

యెన్ దెబ్బ మారుతికీ తగిలింది, కారు ధరలూ పెరిగాయి. కానీ మూడు తేడాలున్నాయి. మొదటిది, మారుతి ఆది నుంచీ ఏడాదికి లక్ష వాహనాల స్థాయిని దృష్టిలో పెట్టుకుని కర్మాగారాన్ని నిర్మించింది. కనుక అచ్చు ఖర్చు చిల్లరగా మారింది. రెండవది, విడిభాగాల తయారీదారులను తన చుట్టూ గుర్‌గావ్ పరిసరాలలో నిలబెట్టి, వారికి జపాను కంపెనీల నుంచి విద్య ఇప్పించి, కొన్నింటిలో తాను వాటా తీసుకుని మరీ దేశీయ తయారీని వేగవంతం చేసింది. మూడవది, దానికి ఎదురుగా 407 వంటి దీటైన స్వదేశీ ప్రత్యర్థి లేదు. ఉన్నవి 1950ల నాటి నమూనాలు. మొదటి రెండూ వ్యూహం, మూడవది అదృష్టం. అదృష్టాన్ని వ్యూహమని పొరబడకుండా ఉండడం కూడా వివేకమే.

అధికారి, కార్మికుడు ఒకే రకం దుస్తులు ధరించి ఒకే క్యాంటీనులో భోజనం చేసే పద్ధతి కూడా మారుతి ద్వారా మన దేశానికి పరిచయమైంది. దానిని చాలామంది అలంకారంగా చూశారు. షాపు ఫ్లోరులో తప్పు జరిగితే దాచకుండా పైవారికి చెప్పగల ధైర్యం ఆ ఒకే బల్ల దగ్గర పుడుతుందని నా అనుభవం.

ఆ నాలుగింటి తదుపరి చరిత్ర

ఆల్విన్ నిస్సాన్ 1980ల చివరికి మహీంద్రా సంస్థ చేతికి వెళ్ళింది; 1990ల మధ్యకాలంలో మహీంద్రాలో పూర్తిగా విలీనమైంది. మాతృసంస్థ హైదరాబాద్ ఆల్విన్ కూడా నష్టాలలో కూరుకుపోయింది. రిఫ్రిజిరేటర్ల విభాగం వోల్టాస్‌కు వెళ్ళింది. మిగిలినది క్రమంగా కనుమరుగైంది.

డీసీఎం టొయోటా కొరియాకు చెందిన డేవూ చేతికి వెళ్ళి, 1995లో సియెలో కారును తెచ్చింది. కొరియాలో డేవూ సామ్రాజ్యమే కూలిపోవడంతో సూరజ్‌పూర్ కర్మాగారం కూడా మూతపడింది. ఇందులో ఒక విచిత్రమున్నది. 2004లో దక్షిణ కొరియాలోని డేవూ లారీల కర్మాగారాన్ని కొన్నది మరెవరో కాదు, టాటా మోటార్స్. ఐషర్ మాత్రం నిదానంగా విద్య నేర్చుకుని, మిత్సుబిషి తోడు లేకుండా నిలబడి, 2008లో వోల్వోతో సమాన స్థాయిలో చేయి కలిపింది. స్వరాజ్ మాజ్డా చేతులు మారుతూ 2011లో ఎస్ఎంఎల్ ఇసుజు అయింది. 2025లో అది కూడా మహీంద్రా వశమైంది.

407 మాటేమిటి? 2021లో దానికి 35 ఏళ్ళు నిండాయి. అప్పటికి 12 లక్షలకు పైగా బండ్లు అమ్ముడయ్యాయి. బడిపిల్లల వ్యానుగా, పోలీసు బండిగా, అంబులెన్సుగా, పెళ్ళివారి సామాను బండిగా అది మన జీవితంలో కలిసిపోయింది.

గెలిచినవారికీ పరీక్షలే

అయితే ఒకసారి గెలిచినవాడు ఎల్లప్పుడూ గెలుస్తాడన్న హామీ ఈ పరిశ్రమలో లేదు. ఇదే సంస్థ 2008 జనవరిలో నానో కారును ప్రదర్శించినప్పుడు ప్రపంచమంతా తలతిప్పి చూసింది. లక్ష రూపాయల కారు అన్న మాట మారుమోగింది. సింగూరు భూవివాదం వల్ల కర్మాగారాన్ని గుజరాత్‌లోని సాణంద్‌కు తరలించవలసి వచ్చింది. ఏటా 2 లక్షల 50 వేల కార్ల సామర్థ్యంతో కట్టిన ఆ కర్మాగారంలో నానో అమ్మకాలు అత్యుత్తమ సంవత్సరంలోనూ 75 వేలను అందుకోలేదు. 2018 నాటికి ఉత్పత్తి దాదాపు నిలిచిపోయింది.

ఇంజనీరింగు దృష్టితో చూస్తే నానో అద్భుతమైన ప్రయత్నం. కానీ స్కూటరు మీద భార్యాబిడ్డలతో వెళ్ళే గృహస్థు కారు కొనేది కేవలం వాన తగలకుండా ఉండడానికి కాదు. నలుగురిలో గౌరవం కోసం కూడా. ‘అన్నింటికంటె చవక కారు’ అని పిలిపించుకోవడం అతనికి ఇష్టం లేకపోయింది. 407 విషయంలో కొనుగోలుదారు భారాన్ని తూచినవారు, నానో విషయంలో అతని అభిమానాన్ని తూచలేకపోయారు.

నేను చేసిన ఒక పొరపాటు

ఇతరుల పొరపాట్లు రాయడం సులభం. నాదొకటి రాయకపోతే ఈ వ్యాసానికి అర్హత ఉండదు. ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో మా విభాగానికి ఒక విదేశీ యంత్రాన్ని కొనుగోలు చేసే బాధ్యతలో నేను సహాయకుణ్ణి. సరఫరాదారు రెండు ప్రతిపాదనలు ఇచ్చాడు. ఒకటి యంత్రం మాత్రమే. రెండవది యంత్రంతోపాటు నియంత్రణ భాగాల డ్రాయింగులు, ఇద్దరు ఇంజనీర్లకు శిక్షణ. రెండవదాని ధర కొంత ఎక్కువ. “డ్రాయింగులు మనకెందుకు, చెడిపోతే వారే వచ్చి బాగుచేస్తారు” అని తులనాత్మక నోటు తయారుచేసినది నేనే. పై అధికారులు దానిని ఆమోదించారు. మిగిల్చిన సొమ్మును చూసి నన్ను మెచ్చుకున్నారు కూడా.

ఆరేళ్ళ తరువాత ఒక చిన్న కార్డు కాలిపోయింది. ఆ కంపెనీ ఆ నమూనాను అప్పటికే ఆపివేసింది. యంత్రం పదకొండు వారాలు ఆగిపోయింది. చివరకు మా విభాగంలోని ఒక సీనియర్ ఎలక్ట్రీషియను, ఇద్దరు అప్రెంటిసులు ఆ కార్డులోని దారులన్నీ ఒక్కొక్కటిగా కొలిచి, కాగితం మీద బొమ్మ గీసి, కొత్తది తయారు చేశారు. నేను ‘అవసరం లేదు’ అని రాసిన డ్రాయింగునే వారు రాత్రింబవళ్ళు కూర్చుని మళ్ళీ గీశారు. ఆ ఎలక్ట్రీషియను గారు నన్ను ఒక్క మాట అనలేదు. గీసిన కాగితం మీద నా చేత సంతకం పెట్టించుకుని, “ఇది ఫైల్లో ఉంచండి సార్, ఎవరికైనా పనికొస్తుంది” అన్నారు. ఇన్నేళ్ళ సర్వీసులో నాకు అంతకు మించిన మందలింపు ఎవరూ ఇవ్వలేదు.

నేటి పరీక్ష

నలభై ఏళ్ళ నాటి కథ నేడెందుకు అంటారా? మోటారు పరిశ్రమ మరొకసారి అదే కూడలికి చేరింది కనుక. డీజిలు ఇంజను స్థానంలో విద్యుత్ మోటారు వస్తున్నది. ఆ మోటారుకు బలమైన శాశ్వత అయస్కాంతాలు కావాలి. అవి నియోడిమియం, ఇనుము, బోరాన్ మిశ్రమంతో తయారవుతాయి. వేడికి అయస్కాంత శక్తి సడలిపోకుండా డిస్ప్రోసియం వంటి అరుదైన మూలకాలను కొద్దిగా కలుపుతారు. ఈ అయస్కాంతాల తయారీలో సింహభాగం చైనాదే. 2025 ఏప్రిల్‌లో చైనా ఏడు అరుదైన మూలకాలపైన, వాటితో చేసే అయస్కాంతాలపైన ఎగుమతి నియంత్రణలు విధించగానే మన దేశంలోని వాహన తయారీదారులు ఉలిక్కిపడ్డారు. అంతకు ముందు 2021లో సెమీకండక్టర్ చిప్‌ల కొరత వచ్చి, మారుతి వంటి సంస్థ సెప్టెంబరు నెల ఉత్పత్తిని మామూలులో సుమారు 40 శాతానికి కుదించుకోవలసి వచ్చిన సంగతి పాఠకులకు విదితమే. నాడు యెన్, మొన్న చిప్, నేడు అయస్కాంతం. పేరు మారింది గాని ప్రశ్న మారలేదు: మన బండికి ప్రాణం వంటి భాగం ఎవరి చేతిలో ఉన్నది?

ఇక్కడ ఆశ కలిగించే సంగతులు కూడా ఉన్నాయి. ఈ మూలకాలు లభించే మోనజైట్ ఖనిజం మన ఆంధ్ర తీరపు ఇసుకలో సమృద్ధిగా ఉన్నది. విశాఖపట్నం వద్ద ఐఆర్ఈఎల్ సంస్థ నెలకొల్పిన సమేరియం కోబాల్ట్ అయస్కాంతాల కర్మాగారం 2023లో జాతికి అంకితమైంది. హైదరాబాదులోని ఎన్ఎఫ్‌టీడీసీ ప్రయోగశాల ఈ విద్యలో కృషి చేస్తున్నది. 2025 నవంబరులో కేంద్ర ప్రభుత్వం ఏటా 6,000 టన్నుల అయస్కాంతాల తయారీ సామర్థ్యం సాధించే లక్ష్యంతో 7,280 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. అయితే మన మోనజైట్‌లో డిస్ప్రోసియం వంటి భారమూలకాలు స్వల్పం. ఖనిజం ఉన్నంత మాత్రాన అయస్కాంతం రాదు. ఇసుక నుంచి లోహానికి, లోహం నుంచి అయస్కాంతానికి మధ్య ఉన్న ప్రతి మెట్టునూ ఎవరో ఒకరు నేర్చుకోవాలి. జహీరాబాదు అనుభవం చెప్పేది ఇదే: సామర్థ్యాన్ని ముక్కలు చేసి పంచితే ఏ ముక్కా బ్రతకదు. ముందుగా తగిన సంఖ్య, దానితోపాటు సరఫరాదారుల సముదాయం, వెనుక సొంత పరిశోధన, ఈ మూడూ కలిసినప్పుడే అరువు విద్య సొంతమవుతుంది.

మనకు వర్తించేది

మన సంస్థలో కూడా కొత్త సహకార ఒప్పందాల ఫైళ్ళు కదులుతుంటాయి. కొనుగోలు, డిజైన్, ఉత్పత్తి విభాగాలలోని యువ సహోద్యోగులకు నా విన్నపం ఒకటే. తులనాత్మక నోటులో చివరి వరుసలోని ధరతో పాటు మరి నాలుగు ప్రశ్నలకు సమాధానం రాయండి. ఇది ఆగితే ఎవరు విప్పుతారు? ఏ దేశపు నాణెంతో మన ఖర్చు ముడిపడి ఉన్నది? ఎన్ని తయారుచేస్తే ఇక్కడ గిట్టుతుంది? ఒప్పందం ముగిసిన మరునాడు మన చేతిలో ఏ విద్య మిగులుతుంది? ఈ నాలుగింటికి సమాధానం లేని ఒప్పందం ఎంత గొప్ప పేరు గలవారితో కుదిరినా అది అద్దె ఇల్లే.

జహీరాబాదు కర్మాగారం మూతపడలేదు. మహీంద్రా సంస్థ 2013లో అక్కడ పెద్ద ట్రాక్టర్ల కర్మాగారాన్ని ప్రారంభించింది. నేడు ఆ ఊరు ట్రాక్టర్లకు పేరెన్నికగన్నది. నాడు ఆల్విన్ నిస్సాన్‌లో పని నేర్చుకున్న చేతులు ఆ ప్రాంతానికి పరిశ్రమ సంస్కారాన్ని ఇచ్చాయి. అది వృథా పోలేదు. పోయినదల్లా మనది అని చెప్పుకునే పేరు.

మా అమ్మాయికి ఈ వ్యాసం చదివి వినిపించాను. అంతా విని, “అయితే నాన్నా, ఆ ఎలక్ట్రీషియను గారు గీసిన కాగితం ఇంకా ఫైల్లో ఉందా?” అని అడిగింది. ఉన్నది. మొన్న వెళ్ళి చూసి వచ్చాను. కాగితం పసుపురంగుకు తిరిగింది గాని గీతలు స్పష్టంగానే ఉన్నాయి. పదవీ విరమణకు ముందు దానిని కంప్యూటరులోకి ఎక్కించి, పేర్లతో సహా డిజైన్ విభాగానికి అప్పగించాలని నిర్ణయించుకున్నాను. మీ విభాగాలలో కూడా అటువంటి కాగితాలు ఉండే ఉంటాయి. దయచేసి వెతకండి.